మీ కంప్యూటర్, మీ సందేహం: ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. షాపులో కంప్యూటర్ల బాగోగులు బయటివాళ్లకి అప్పజెప్పేటప్పుడు ఏం చూసుకోవాలి? మన నిపుణులు లైన్లో ఉన్నారు. భీమవరం కాలర్, చెప్పండి.

కాలర్: ఆయ్, నమస్కారమండి. మాది రొయ్యల మేత షాపండి. చెరువు రైతులకి అరువిస్తాం, రొయ్య పట్టాక కడతారు. లెక్కలన్నీ ట్యాలీలోనే. ఇన్నాళ్లూ మా మేనల్లుడు చూసేవాడు, వాడు బెంగళూరు వెళ్లిపోయాడు. ఇప్పుడొక కుర్రాడొస్తున్నాడు, మంచోడేనండి. మొన్న వానకి కరెంటు పోయి యూపీఎస్ ఒకటే కుయ్యోమంటుంటే...

నిపుణుడు: ప్రశ్నేంటండి?

కాలర్: అదే, ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, రాసుకుందామంటున్నాడు. పాస్‌వర్డ్ అతనికే ఇచ్చేయొచ్చాండి?

నిపుణుడు: పని ఇవ్వండి, పెత్తనం ఇవ్వకండి. సిస్టమ్ మొత్తం మీద పెత్తనమిచ్చే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇప్పుడెవరికి తెలుసు?

కాలర్: అతనికేనండి.

నిపుణుడు: షాపు ఈమెయిల్‌కి ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుంది?

కాలర్: అతనికే అనుకుంటానండి.

నిపుణుడు: చూశారా! ఇవాళే మీ నంబరు పెట్టించండి. అతనికి వేరే లాగిన్ ఇవ్వండి, మానేసిన రోజు తీసేయొచ్చు.

కాలర్: అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమోనండి.

నిపుణుడు: గోడౌన్ తాళాలు గుమాస్తాకిస్తారు, ఇంకో జత ఇంట్లో పెట్టుకుంటారు. గుమాస్తా ఏమన్నా అనుకున్నాడా? ఇదీ అంతే. ఏఎంసీలో ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో వస్తాడో, పార్టు పోతే ఖర్చెవరిదో రాయించండి. జీఎస్టీ 3బీ రిటర్ను నెలనెలా వేసేవాళ్లకి 20 ఆఖరు తేదీ. 19 సాయంత్రం సిస్టమ్ మొరాయిస్తే ‘ఎల్లుండి వస్తా’ అంటే ఏం చేస్తారు? సరే, బ్యాకప్ ఉందా?

కాలర్: హార్డ్ డిస్కు ఉందండి. సిస్టమ్‌కే ఎప్పుడూ తగిలించి ఉంటుంది.

నిపుణుడు: అదే వద్దనేది! ఫైళ్లకి తాళమేసి డబ్బులడిగే వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్కునీ వదలదు. 2017 మేలో వాన్నాక్రై అలాగే వచ్చింది. అది దూరిన కంతకి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చింది, చాలామంది వేసుకోలేదు. మీరు రెండు డిస్కులు కొనండి. కొట్టు కట్టేముందు బ్యాకప్ తీసి, ఒకటి ఇంటికి పట్టుకెళ్లండి. నెలకోసారి వేరే సిస్టమ్‌లో ఎక్కించి, ఏదో ఒక రైతు ఖాతా తెరిచి చూడండి. బాకీ సరిగ్గా కనబడితేనే అది బ్యాకప్.

కాలర్: అలాగేనండి. అయితే పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంచమంటారా?

నిపుణుడు: అయ్యా! అతని లాగిన్ అతనికి, అడ్మిన్ మీకు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మానిటర్‌కి అంటించకండి.

యాంకర్: థాంక్యూ అండి. అమలాపురం.

కాలర్: మందుల షాపండి. ఇంకా విండోస్ 10 వాడుతున్నాం. పర్లేదా?

నిపుణుడు: 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్టు ఆగిపోయింది. మీ సిస్టమ్‌లో 11 పడుతుందో లేదో చూడమనండి. పడకపోతే కొత్తది కొనాల్సిందే. బ్యాకప్ తీశాకే ముట్టుకోనివ్వండి.

యాంకర్: నరసాపురం, త్వరగా అడగండమ్మా.

కాలర్: లేసు వ్యాపారమండి. కంపెనీ నుంచి అని ఎవరో ఫోన్ చేసి, దూరం నుంచే మన సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ యాప్ వేసుకోమంటే వేసుకున్నాను...

నిపుణుడు: అందులో కనబడే నంబరు వాళ్లకి చెప్పేశారా? ముందు నెట్ తీసేయండి. డబ్బు పోయుంటే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్ చేయండి. మీ మనిషి రిపేరుకి కనెక్టయినా పక్కనే కూర్చోండమ్మా, పని అవగానే... హలో?

యాంకర్: లైన్ కట్టయింది. టైమూ అయిపోయింది, నమస్కారం.