క్యారెట్ పెడితే క్యారెట్టే వచ్చింది... ఆపేయాలా?

ఆరు నెలలు నిండిన పిల్లాడికి క్యారెట్ పెట్టారు. మర్నాడు డైపర్‌లో క్యారెట్టే కనిపించింది. ఇంట్లో తీర్పు వచ్చేసింది: "పిల్లాడికి పడలేదమ్మా, ఆపెయ్యి." తర్వాత పాలకూర పప్పు. పచ్చగా వచ్చింది. అదీ ఆపెయ్యి. ఆ తర్వాత అరటిపండు. నల్లటి దారాలు! "అయ్యో, పురుగులు!" ఇలా ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే కొన్నాళ్ళకి పిల్లాడు మళ్ళీ ఉత్త పాల మీదకి వచ్చేస్తాడు. అదీ ఎప్పుడు? పుట్టుకతో తెచ్చుకున్న ఐరన్ నిల్వలు అడుగంటే వయసులో.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సింహాచలంలో అన్నప్రాశన చేశామని ఫోటో పంపిన రెండు వారాలకి అదే నంబరు నుంచి డైపర్ ఫోటో వస్తుంది. కింద ఒకే ప్రశ్న: "మేడమ్, ఆపేయమంటారా?" నా ఫోన్ గ్యాలరీ చూస్తే మా ఆయన భోజనం మానేస్తారు. అందుకే ఈ వీడియో.

మనం విశాఖ వాళ్ళం కాబట్టి పోర్టుతో చెప్తాను.

(స్క్రీన్ మీద: పోర్టు బొమ్మ, పక్కన పేగు బొమ్మ)

పాలు మాత్రమే తాగే బిడ్డ పొట్ట అంటే, ట్యాంకర్లు మాత్రమే వచ్చే పోర్టు. ఓడ వస్తుంది, పైపు తగిలిస్తారు, సరుకు అటు వెళ్ళిపోతుంది. దుమ్ము లేదు, చెత్త లేదు. తల్లిపాలు దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తాయి, మిగిలేది చాలా తక్కువ. అందుకే ఆ నెలల్లో మోషన్ పసుపుగా, పలచగా, నలుసులు నలుసులుగా ఉంటుంది. పెద్దగా వాసన ఉండదు. ఒకరు రోజుకి ఐదారుసార్లు వెళ్తారు, ఇంకొకరు నాలుగైదు రోజులకోసారి వెళ్తారు. ఇద్దరూ బాగానే ఉంటారు.

ఆరు నెలలు నిండాయి. ఇప్పుడు అదే పోర్టుకి బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువులు, కంటైనర్లు అన్నీ రావడం మొదలైంది. పైపు ఒక్కటే ఉంటే సరిపోదు కదా? కొత్త క్రేన్లు కావాలి, కొత్త కళాసీలు కావాలి. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైములు ఈ వయసులో ఇంకా పుంజుకుంటూనే ఉంటాయి, అవి క్రేన్లు అనుకోండి. కళాసీలంటే పేగుల్లోని బ్యాక్టీరియా. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని చక్కెరలు కొన్ని ఉంటాయి. అవి అచ్చంగా బిఫిడో అనే బ్యాక్టీరియాకి మేత. ఇన్నాళ్ళూ పోర్టులో ఎక్కువగా ఉన్నది ఆ జట్టే. అన్నం, పప్పు, కూరలు దిగేసరికి పీచు తినే కొత్త రకాలు వచ్చి చేరతాయి. ఈ జట్టు పూర్తిగా కుదురుకుని పెద్దవాళ్ళలా తయారవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. మీరేమో రెండో ముద్దకే తీర్పు చెప్పేస్తున్నారు.

వాసన సంగతి చూద్దాం. పప్పు, గుడ్డులాంటి వాటిలో అరగకుండా మిగిలిన కాస్త ప్రొటీన్‌ని ఈ కొత్త కళాసీలు విడగొట్టినప్పుడు గంధకం కలిసిన వాయువులు వస్తాయి. అదే ఆ కంపు. ఇన్నాళ్ళూ ముచ్చటగా డైపర్ మార్చిన నాన్నలకి సరిగ్గా ఈ నెల నుంచే బాల్కనీలో ముఖ్యమైన ఫోన్ కాల్స్ వస్తుంటాయి, గమనించారా?

ఇక రంగు. పోర్టులో బొగ్గు దించే చోట నేల నల్లగా, ఇనుప ఖనిజం దించే చోట ఎర్రగా ఉంటుంది. ఏ సరుకు దిగితే ఆ రంగు, అంతే. బీట్‌రూట్ పెడితే ఎర్రగా వస్తుంది, ఒక్కోసారి మూత్రం కూడా గులాబీ రంగులో ఉంటుంది. క్యారెట్, గుమ్మడికాయ అయితే నారింజ రంగు. ఆకుకూర అయితే పచ్చ. ఇవేమీ పెట్టకపోయినా మెల్లగా గోధుమ రంగుకి తిరుగుతుంది. ఎందుకంటే కాలేయం నుంచి వచ్చే పిత్తరసాన్ని గోధుమ రంగులోకి మార్చేది పేగుల్లో ఉన్న బ్యాక్టీరియాయే. అంటే గోధుమ రంగు కనిపిస్తే కొత్త జట్టు డ్యూటీలో చేరిందని అర్థం. సరుకు హడావిడిగా దాటిపోయిన రోజున ఆ మార్పుకి టైమ్ చాలక ఆకుపచ్చగానే వచ్చేస్తుంది.

ఐరన్ మందు వేస్తే ముదురాకుపచ్చగానో నల్లగానో వస్తుంది. ఆరు నెలల నుంచి 59 నెలల వరకు పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మి.లీ. వేయాలి. అందులో 20 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. నల్లగా వస్తోందని ఆ సీసాని అటకెక్కించకండి.

అరటిపండు దారాలు మాత్రం దగ్గర నుంచి చూపిస్తాను. చూడండి, ఇది చక్కెరకేళి, నిలువుగా కోశాను. మధ్యలో గింజలు ఉండాల్సిన చోట సన్నటి గీతలు కనిపిస్తున్నాయా? పండు మెత్తగా అరిగిపోయినా ఈ గీతలు అరగవు, పేగుల్లో నల్లబడి దారాల్లా బయటికి వస్తాయి. అనుమానం తీరాలంటే ఒక పాత ప్లేట్లో కాస్త నీళ్ళు పోసి ఆ దారాన్ని వేయండి. కదలదు, పుల్లతో నొక్కితే విడిపోతుంది. నులిపురుగులు తెల్లగా ఉంటాయి, కదులుతాయి. ఆ ప్లేటు మళ్ళీ వంటింట్లోకి తేకండి, అది వేరే సంగతి.

సరే, క్యారెట్. పోర్టుకి వచ్చిన ప్రతి కంటైనర్‌నీ అక్కడే విప్పరు. కొన్ని సీలు కూడా తీయకుండా అటు నుంచి అటే వెళ్ళిపోతాయి. బఠాణీ తొక్క, టమాటా తొక్క, మొక్కజొన్న గింజ, పప్పు పొట్టు ఇలాంటివే. వీటి గోడ సెల్యులోజ్. దాన్ని మీరూ అరిగించుకోలేరు, నేనూ అరిగించుకోలేను. మనం నమిలి పిండి చేస్తాం కాబట్టి కనిపించదు. పిల్లాడికి దవడ పళ్ళే లేవు. డైపర్‌లో కనిపించిన ముక్క చూడ్డానికి క్యారెట్టే గానీ, అందులో లాగగలిగింది లోపల లాగేశాక మిగిలింది అది. చేయాల్సింది ఆపడం కాదు. ఇంకాస్త ఉడికించండి, వేలితో నొక్కితే నలిగిపోవాలి, చెంచా వెనక వైపుతో మెదపండి, ఓ చుక్క నెయ్యి వేయండి. క్యారెట్‌లో ఉన్న విటమిన్ ఎ సరుకు కొవ్వు ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ అనవసరపు టెన్షన్లు. అసలు సమస్య వేరే ఉంది. మలబద్ధకం. దాన్ని కూడా తప్పుగానే లెక్కపెడతారు, రోజులతో.

ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా ఓడలు ఆగి ఉంటాయి కదా? లోపల బెర్త్ ఖాళీ అయ్యేదాకా ఆగుతాయి. ఒడ్డున బజ్జీలు తినేవాళ్ళలో ఎవరైనా "అమ్మో, ఓడ రెండ్రోజులుగా కదల్లేదు" అని కంగారు పడతారా? పడరు. మోషన్ కూడా అంతే. రెండు మూడు రోజులకోసారి వెళ్ళినా మెత్తగా వస్తే ఏమీ లేదు. రోజూ వెళ్ళినా మేక పెంటికల్లా గట్టిగా, ఏడుస్తూ వెళ్తే అది మలబద్ధకం. పెద్దపేగు పనే నీళ్ళు లాగేయడం. సరుకు యార్డులో ఎన్ని రోజులుంటే అంత గట్టిపడుతుంది. గట్టిపడితే నొప్పి. నొప్పి గుర్తుండి పిల్లాడు బిగబట్టుకుంటాడు, ఇంకా గట్టిపడుతుంది.

ఈ వయసులో ఎందుకు మొదలవుతుందంటే, పొద్దున్న బిస్కెట్ పాలల్లో ముంచి, మధ్యాహ్నం మెత్తటి పెరుగన్నం, సాయంత్రం మళ్ళీ బిస్కెట్. పీచు ఎక్కడుంది ఇందులో? బిస్కెట్ పిల్లల ఆహారం అని ఎవరు చెప్పారో గానీ, వాళ్ళు కనిపిస్తే నాకు చెప్పండి. చోడి జావ, అంటే రాగి జావ వల్లే గట్టిగా వస్తోందని తిడుతుంటారు. చోళ్ళని నానబెట్టి, రుబ్బి, పలచటి గుడ్డలో వడగట్టి పాలు మాత్రమే తీసి కాస్తే పొట్టంతా గుడ్డలోనే మిగిలిపోయింది. తప్పు చోళ్ళది కాదు.

నీళ్ళు. ఆరు నెలల దాకా చుక్క కూడా వద్దు, తల్లిపాలే చాలు. ఆ తర్వాత ముద్ద ముద్దకీ మధ్య కాచి చల్లార్చిన నీళ్ళు రెండు గుక్కలు, రోజు మొత్తానికి అర గ్లాసు నుంచి గ్లాసు లోపు. మన ఊరి ఉక్కపోతలో మే నెలలో పిల్లలకి ఎంత చెమట పోస్తుందో మీకు తెలుసు. రైతుబజారులో బొప్పాయి, చిలగడదుంప, తోటకూర దొరుకుతాయి. ఇంట్లో కిస్మిస్ ఉంటే రాత్రి నానబెట్టి పొద్దున్న మెత్తగా నూరి పెట్టండి. ఇవి చాలామందికి సరిపోతాయి.

ముక్కుతున్నాడు, మొహం ఎర్రబడుతోంది అంటారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఉన్న ఇరుకు ఛానెల్లోంచి ఓడ రావాలంటే ఇంజన్ ఒక్కటి తిరిగితే చాలదు, పైలట్ కూడా ఉండాలి. పిల్లాడు పొట్ట బిగించాలి, అదే సమయంలో కింద వదలాలి. రెండూ కలిపి చేయడం ఇంకా నేర్చుకుంటున్నాడు. వచ్చింది మెత్తగా ఉంటే వదిలేయండి.

ఇక్కడ అమ్మమ్మలకీ నాయనమ్మలకీ దండం పెట్టి చెప్తున్నా. ఆముదం రాసిన తమలపాకు కాడ వద్దు. సబ్బు ముక్క అసలే వద్దు, లోపలి పొర మంట పుట్టి పుండు పడుతుంది. నోట్లో ఆముదం పోయకండి, పొరబోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేనె ఏడాది నిండేదాకా నాకించకండి. తేనెలో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల బాటులిజం అనే జబ్బు వస్తుంది. అది అరుదే గానీ, దాని మొదటి లక్షణం తరచుగా మలబద్ధకమే. మందు అనుకుని పోస్తున్నది జబ్బే కావచ్చు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

పళ్ళు వస్తే విరేచనాలు అవుతాయన్నది నిజం కాదు. పళ్ళు వచ్చే వయసూ, నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే, అందుకని అలా అనిపిస్తుంది. నీళ్ళలా ఎక్కువసార్లు వెళ్తే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళలో కలపమని ఉంటే అన్నిట్లోనే కలపాలి. వెళ్ళిన ప్రతిసారీ 50 నుంచి 100 మి.లీ., చెంచాతో మెల్లగా. డాక్టరుని అడిగి జింక్, ఆరు నెలలు నిండిన వాళ్ళకి రోజుకి 20 మి.గ్రా. చొప్పున, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు. తల్లిపాలు, తిండి ఆపకండి. ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మే తియ్యటి డ్రింకుల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఆవిడకి చేతులెత్తి మొక్కాలి.

ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సినవి: సున్నంలా తెల్లగా వస్తే, అంటే పిత్తరసం దిగడం లేదు. ఐరన్ వేయకుండానే తారులా నల్లగా వస్తే. రక్తం కనిపిస్తే. ఉండుండి కాళ్ళు ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తూ, వాంతులవుతూ, ఎర్రటి జిగురులా వస్తే ఒక్క గంట కూడా ఆగకండి, పేగులో పేగు దూరి ఉండొచ్చు. ఆకుపచ్చటి వాంతి, పొట్ట ఉబ్బరం ఉన్నా అంతే. మాడు లోపలికి పోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, డైపర్ గంటల తరబడి పొడిగా ఉన్నా అంతే. పుట్టినప్పుడు మొదటి నల్ల మోషన్ 48 గంటలు దాటాక వచ్చి, అప్పటి నుంచీ మలబద్ధకమే ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

వెళ్ళేటప్పుడు డైపర్ ఫోటో తీసుకెళ్ళండి. కిటికీ దగ్గర, పగటి వెలుగులో, ఫిల్టర్ లేకుండా తీయండి. రాత్రి పసుపు బల్బు కింద తీస్తే తెల్లగా వచ్చింది కూడా పసుపుగానే కనిపిస్తుంది.