గొలుసు చివర ఉన్న కుక్క

శ్రోతలకు నమస్కారం.

పోయిన నెలలో ఒకాయన ఫోను చేశారు. "డాక్టరు గారూ, ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది. తెలిసినవాళ్ళు రాట్‌వీలర్ పిల్లనిస్తామంటున్నారు. తెచ్చుకోవచ్చా? అది పెద్దయితే పెంచినవాళ్ళనే చంపేస్తుందని మా బావమరిది భయపెడుతున్నాడండీ" అన్నారు. నేను ఇరవై రెండేళ్ళుగా పశువుల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఇలాంటి ఫోన్లు ఈ రెండు మూడేళ్ళలో బాగా పెరిగాయి. ఆయనకు అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కొన్ని ప్రశ్నలు అడిగాను. అవి చెప్పేముందు మీకొక కుక్క గురించి చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట ఒక మూడంతస్తుల ఇంటికి టీకా వేయడానికి వెళ్ళాను. గేటుకు "కుక్కలున్నవి జాగ్రత్త" అని బోర్డు. లోపల మెట్ల కింద చీకట్లో నల్లటి రాట్‌వీలర్, మూడేళ్ళది. నాలుగు మూరల గొలుసుతో స్తంభానికి కట్టేశారు. ఆ గొలుసు ఎంతవరకు వస్తుందో అంతవరకు సిమెంటు నేల అర్ధచంద్రాకారంలో నున్నగా అరిగిపోయింది. దాని మోచేతుల దగ్గర వెంట్రుకలు ఊడి చర్మం కాయలు కట్టింది. నీళ్ళు పోసే ప్లాస్టిక్ బకెట్టు అంచంతా కొరికి కొరికి పీలికలైంది. వాచ్‌మన్ అన్నం గిన్నెను కర్రతో ముందుకు తోశాడు. రోజూ అంతేనట. ఇంటాయన మాత్రం సంతోషంగా, "ఎవర్నీ దగ్గరికి రానివ్వదండీ, భలే కుక్క!" అన్నారు.

అది నన్ను చూసి ముందు మొరగలేదు. వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. తోక కడుపు కిందికి ముడుచుకుంది. కళ్ళు పక్కకు తిప్పింది, కంటి తెల్లగుడ్డు కనబడింది. నాలుకతో పెదవులు తడుపుకుంది. ఆ తర్వాతే గొలుసు తెగేలా మీదికొచ్చింది. ఇంటాయనకు కనబడింది ఆ చివరిది ఒక్కటే. దానికి ముందు ఆ కుక్క వణికిపోతూ నాలుగు మాటలు చెప్పింది. వాటిని చదవగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ రోజు టీకా వేయలేకపోయాను. నా చేతి మీద మాత్రం ఒక పంటి గాటు మచ్చ ఇప్పటికీ ఉంది. అది రాట్‌వీలర్‌ది కాదు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చిన పమేరియన్‌ది. ఇన్నేళ్ళలో నన్ను కరిచిన కుక్కలు ఎక్కువ భాగం చిన్నవే. కానీ చిన్నకుక్క కరిస్తే నవ్వేసి బ్యాండేజీ వేసుకుంటాం. పెద్దకుక్క కరిస్తే పేపర్లో వస్తుంది. ఫలానా జాతికి చెడ్డపేరు రావడానికి సగం కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఈ చెడ్డపేరు ఒకే జాతి దగ్గర నిలవదు, చేతులు మారుతూ ఉంటుంది. ఇవాళ పోలీసు జాగిలంగా మనం మెచ్చుకునే జర్మన్ షెపర్డ్‌ను దిగుమతి చేసుకోకూడదని ఆస్ట్రేలియా 1929లో నిషేధం పెట్టింది. అది నలభై ఏళ్ళకు పైగా నడిచింది. తర్వాత డాబర్‌మన్ వంతు వచ్చింది. జర్మనీలో అపోల్డా అనే ఊళ్ళో పన్నులు వసూలు చేసే కార్ల్ ఫ్రెడరిక్ లూయీ డాబర్‌మన్ తనకు తోడుగా ఉండాలని తయారుచేసిన కుక్క అది. నా చిన్నప్పుడు మా వీధిలో డాబర్‌మన్ ఉన్న ఇంటి ముందునుంచి నడవడానికి పెద్దవాళ్ళే జంకేవారు. ఆ తర్వాత రాట్‌వీలర్. రాట్‌వైల్ అనే ఊరి కసాయివాళ్ళ దగ్గర పశువుల మందలు తోలిన కుక్క. ఇప్పుడు పిట్‌బుల్. ఏ కాలంలో భయపెట్టడానికి ఏ కుక్కను ఎక్కువగా కొంటారో ఆ కాలంలో ఆ కుక్కే దుర్మార్గురాలవుతుంది.

అయితే, జాతి అనేదే లేదు, అంతా పెంపకమే అని నేననను. అది కూడా నిజం కాదు. మన కొల్లేరు చుట్టుపక్కల బాతులు కాసిన జోనంగి కుక్కల్ని చూసినవాళ్ళకు తెలుసు, ఒక పనికోసం తరతరాలుగా ఎంచుకుంటూ వస్తే ఆ పని వైపు మొగ్గు నెత్తురులో దిగుతుంది. పిట్‌బుల్ పూర్వీకుల కథ బాధాకరం. ఇంగ్లండులో కట్టేసిన ఎద్దుల మీదికి కుక్కల్ని ఉసిగొల్పే వినోదం ఉండేది. 1835లో చట్టం దాన్ని ఆపితే, జనం చాటుమాటుగా కుక్కల మీదికే కుక్కల్ని ఉసిగొల్పారు. పట్టు వదలని కుక్కనే మళ్ళీ మళ్ళీ ఈనించారు. తోటి కుక్క మీద దూకుడు ఈ జాతిలో కొంత ఎక్కువ కనబడటానికి ఆ పాత పాపమే మూలం. పైగా బరువు, దవడ బలం అనేవి ఉన్నాయి. బుల్లి చివావా కరిస్తే కుట్లు, పిట్‌బుల్ పట్టుకుంటే ప్రాణం.

అమెరికాలో 1979 నుంచి 1998 దాకా కుక్కకాటు మరణాలను పరిశీలించినప్పుడు, జాతి తెలిసిన 238 మరణాల్లో సగానికి పైగా పిట్‌బుల్, రాట్‌వీలర్ తరహా కుక్కలవే. అదే లెక్కలో మొత్తం కనీసం పాతిక జాతులున్నాయి, అదీ చెప్పాలి. మన దేశంలో 2022 జులైలో లక్నోలో, ఎనభై దాటిన ఒక రిటైర్డ్ టీచరు ఇంట్లో ఒంటరిగా ఉన్న వేళ కొడుకు పెంచుకుంటున్న పిట్‌బుల్ చేతిలో చనిపోయారు. ఆ తల్లి గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కుక్కల్ని ప్రేమించేవాళ్ళం ఇలాంటివాటిని పక్కకు నెట్టి మాట్లాడకూడదు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. అయితే ఆ పుట్టుక బుద్ధి ఎంత? 2022లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల గురించి యజమానుల్ని అడిగి, రెండు వేలకు పైగా కుక్కల డీఎన్‌ఏ చదివారు. ఒక్కో కుక్క ప్రవర్తనలో కనబడే తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేలింది. మాట వినడం లాంటి గుణాల్లో జాతి కొంత పనిచేస్తుంది. కోపం ఎంత తొందరగా వస్తుందన్నది మాత్రం జాతిని చూసి చెప్పడం దాదాపు కుదరదు.

2008లో అమెరికాలో జరిగిన ఒక సర్వేలో మనుషుల మీద దూకుడు చూపించడంలో డాష్‌హౌండ్, చివావా, జాక్ రస్సెల్ టెర్రియర్ అనే చిన్న జాతులు ముందున్నాయి. పిట్‌బుళ్ళ దూకుడు ఎక్కువగా తోటి కుక్కల మీదే. 2021లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్ళు తొమ్మిది వేలకు పైగా కుక్కల వివరాలు సేకరిస్తే, మనుషుల మీదికి వచ్చే జాతుల్లో పైన నిలిచింది రఫ్ కోలీ. పొడుగు జుట్టుతో గొర్రెల్ని కాసే ఆ అందమైన కుక్క. అందులో నన్ను ఆపేసింది ఇంకొక సంగతి. దూకుడుకు అన్నిటికన్నా గట్టిగా ముడిపడి ఉన్నది భయం. నాకు వెంటనే మెట్ల కింది కుక్క గోడకు ఆనుకున్న తీరు గుర్తొచ్చింది.

మరణాల మీద జరిగిన ఇంకో పరిశీలన ఉంది. దాన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే కుక్క ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. 2000 నుంచి 2009 దాకా అమెరికాలో కుక్కల వల్ల చనిపోయిన 256 మంది విషయంలో పోలీసుల్నీ అధికారుల్నీ అడిగి ఏం జరిగిందో కూడదీశారు. వందకు 87 సంఘటనల్లో అడ్డుపడగల ఒళ్ళు బాగున్న మనిషి దగ్గర లేరు. 85 సంఘటనల్లో ఆ కుక్కకు చనిపోయినవాళ్ళతో పెద్దగా పరిచయం లేదు. 84లో కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. 77లో బాధితులు పసిపిల్లలో, వృద్ధులో, మరో కారణం వల్ల తమను తాము కాపాడుకోలేనివాళ్ళో. 76లో ఆ కుక్క ఇంట్లో మనుషుల మధ్య పెరగలేదు, దాన్ని ఎక్కడో కట్టేసో బోనులో పెట్టేసో ఉంచారు. ఇలాంటివి నాలుగో అంతకంటే ఎక్కువో ఒక్కచోట కలిసినవే వందకు ఎనభై. జాతి ఏమిటో నమ్మకంగా తేలినవి ఐదోవంతు కూడా లేవు. పేపర్లో పిట్‌బుల్ అని రాసింది చాలాసార్లు పొట్టి జుట్టు, వెడల్పు తల చూసి రాసిందే.

ఇదే అమెరికాలో 2007లో మైకేల్ విక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి స్థలంలో కుక్కల పందేల కోసం పెంచిన యాభై దాకా పిట్‌బుళ్ళు దొరికాయి. అంతకుముందు అయితే అన్నిటికీ ఇంజెక్షన్ ఇచ్చి చంపేసేవాళ్ళు. ఈసారి కోర్టు ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించమంది. దూకుడు కారణంగా చంపాల్సి వచ్చింది ఒక్కదాన్నే. మిగిలినవాటిలో చాలావరకు శరణాలయాలకూ ఇళ్ళకూ చేరాయి. కొన్ని ఆసుపత్రుల్లో రోగుల పక్కన కూర్చునే కుక్కలయ్యాయి. పందేల గొయ్యిలోంచి వచ్చిన కుక్కలు!

ప్రభుత్వాలు మాత్రం జాతుల పేర్లతో జాబితా రాసేస్తాయి. అది తేలిక. బ్రిటన్ 1991లో పిట్‌బుల్‌తో కలిపి నాలుగు జాతుల్ని నిషేధించింది. ఆ తర్వాత అక్కడ కుక్కకాటుతో ఆసుపత్రిలో చేరేవాళ్ళు పెరిగారు గానీ తగ్గలేదు. 2023 చివర్లో ఎక్స్ఎల్ బుల్లీ అనే ఇంకో రకాన్ని చేర్చారు. నెదర్లాండ్స్ 1993లో పెట్టిన పిట్‌బుల్ నిషేధాన్ని, కాట్లు తగ్గడం లేదని పదిహేనేళ్ళకు ఎత్తేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో 23 రకాల కుక్కల్ని పెంచనివ్వద్దని రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. అందులో టోసా అనే జపాను కుక్క పేరు రెండు చోట్ల ఉంది. ఏ టెర్రియరో చెప్పకుండా "టెర్రియర్లు" అని ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నెల రోజుల్లో ఒక కుర్రాడు తన రాట్‌వీలర్‌ను తీసుకొచ్చి, ఏడుస్తూ, "ఏదో ఒక ఇంజెక్షన్ ఇచ్చేయండి సార్, ఖాళీ చేయమంటున్నాడు ఇంటి ఓనరు" అన్నాడు. ఆ కుక్క నా బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. నేను ఇవ్వలేదు.

ఇక మన తెలుగువాళ్ళందర్నీ కుదిపేసిన సంఘటన 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో జరిగింది. నాలుగేళ్ళ బాబు వీధికుక్కల పాలయ్యాడు. ఏ జాబితాలో వెతికినా ఆ కుక్కల జాతి దొరకదు. గుంపుగా తిరిగే కుక్కలు, ఒంటరిగా చిన్న పిల్లవాడు, చుట్టూ చెత్త, ఆపరేషన్లు సరిగా జరగని వీధులు. అమెరికా లెక్కలో ఉన్నవే ఇక్కడా ఉన్నాయి.

అందుకే ఫోను చేసినవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. పిల్లను తల్లి దగ్గర ఎనిమిది వారాలు ఉండనివ్వండి. మూడో వారం నుంచి పధ్నాలుగో వారం లోపు అది రకరకాల మనుషుల్ని, పిల్లల్ని, ఆటో చప్పుడును, కుక్కర్ విజిల్‌ను భయం లేకుండా పరిచయం చేసుకోవాలి. ఆ వయసు దాటిపోతే తర్వాత పదింతలు కష్టపడాలి. గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనడం అది మనకిచ్చే హెచ్చరిక. కొట్టి ఆ హెచ్చరిక మాన్పిస్తే, రేపు ఏ చప్పుడూ లేకుండా కరుస్తుంది. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లల్ని దగ్గరికి పంపకండి. ఎంత మంచి కుక్కయినా పసిపిల్లతో ఒంటరిగా వదలకండి, అది ల్యాబ్రడార్ అయినా సరే. ఒకవేళ ఏ కుక్క కరిచినా, పసుపూ కారమూ పెట్టకుండా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్ళండి. రేబిస్‌కు కుక్క జాతితో పని లేదు.

మెట్ల కింది కుక్క సంగతి అడుగుతారేమో. ఇంటాయనతో చాలాసార్లు మాట్లాడాక గొలుసు తీయించి వెనక పెరట్లో కంచె వేయించారు. వాచ్‌మన్ కర్ర మానేసి, చేత్తోనే కోడిగుడ్డు పెట్టడం మొదలుపెట్టాడు. ఏడు నెలలు పట్టింది. మూతికి చిక్కం వేసి, వాచ్‌మన్ తల నిమురుతుండగా నేను టీకా వేశాను. కర్ర పట్టుకున్న మనిషిని చూస్తే మాత్రం ఆ కుక్క చివరిదాకా గోడకు ఆనుకునే నిలబడేది. ఆ భయం పోలేదు.

ఇప్పుడు ఆ ఫోను చేసినాయన దగ్గరికి వస్తాను. పగలు ఇంట్లో ఎవరుంటారు, కుక్క ఎక్కడ పడుకుంటుంది, రోజూ నడిపించేదెవరు, పాప దగ్గరున్నప్పుడు కనిపెట్టుకుని ఉండే పెద్దవాళ్ళెవరు అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పొద్దున తొమ్మిదింటికి ఇద్దరం ఆఫీసుకు వెళ్తే సాయంత్రం ఏడు దాటుతుందండీ. పాప స్కూలు నుంచి వచ్చాక పనమ్మాయి ఒక్కతే ఉంటుంది. కుక్కని... బాల్కనీలో కట్టేద్దామనుకున్నాం" అన్నారు.

అప్పుడు చెప్పాను, ఇప్పుడు వద్దని. పమేరియన్ కూడా వద్దని.