ఊరి డబ్బు, ఊరి పని: నగర కాంట్రాక్టుల్లో స్థానికుల వాటా ఎలా లెక్కిస్తారు?

(తెర మీద: తెల్లవారుజామున ఒక నిర్మాణ స్థలం. గేటు బయట వరుసగా ఆగి ఉన్న వాహనాలు.)

ఒక పేటలో నగరపాలక సంస్థ గ్రంథాలయం కడుతోంది అనుకుందాం. ఖర్చు ఆ నగరవాసుల పన్నుల నుంచే వస్తుంది. దుమ్ము రేగేది వాళ్ల ఇళ్లలోకి, దారి మూసేది వాళ్ల వీధిలో. ఉదయం ఆరింటికి గేటు దగ్గర ఆగే వాహనాలు మాత్రం అన్నీ పొరుగూళ్లవి. ఎదురింట్లో పని దొరకని కుర్రవాడు కిటికీలోంచి వాటిని చూస్తున్నాడు. ఊరి డబ్బుతో జరిగే పనిలో ఊరివాళ్లకు వాటా ఉండవద్దా అన్న ప్రశ్న పుట్టేది ఇక్కడే.

ఉండాలన్నదే నా అభిప్రాయం. అది ముందే చెప్పేస్తున్నాను. కానీ ఆ వాటాను చట్టంలో రాయడం వేరు, అది పనివాడి చేతికి అందడం వేరు. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో కొన్ని నగరాల అనుభవంతో చూద్దాం.

(తెర మీద: రెండు బొమ్మలు. ఒకటి దుకాణం, ఇంకొకటి హెల్మెట్ పెట్టుకున్న కార్మికురాలు.)

స్థానికులకు ప్రాధాన్యం అనే మాట కింద రెండు వేర్వేరు విధానాలు ఉన్నాయి. ఒకటి స్థానిక సంస్థకు టెండర్‌లో మొగ్గు చూపడం. రెండోది, టెండర్ ఎవరు గెలిచినా పనిలో కొంత భాగం స్థానిక కార్మికులతో చేయించాలని షరతు పెట్టడం.

మొదటిది సాధారణంగా ఇలా నడుస్తుంది. బయటి సంస్థ 100 అడిగింది, స్థానిక సంస్థ 105 అడిగింది. నగరం స్థానికులకు 10 శాతం మొగ్గు ఇస్తుంటే, పోల్చేటప్పుడు ఆ 105ను 94.5గా లెక్కిస్తారు. స్థానిక సంస్థ గెలుస్తుంది. కానీ బిల్లు చెల్లించేది 105కే. తగ్గింపు కాగితం మీద పోలిక కోసం మాత్రమే. ఆ అదనపు 5 ప్రజలు భరిస్తారు. ఇది దాచవలసిన సంగతి కాదు, బాహాటంగా చెప్పి ప్రజల సమ్మతి తీసుకోవలసిన సంగతి.

ఈ విధానంలో పెద్ద చిక్కు 'స్థానిక' అన్న మాటకు అర్థం చెప్పడం. ఒక గది అద్దెకు తీసుకుని, బోర్డు తగిలించి, ఉత్తరాలు వచ్చే చిరునామా సంపాదిస్తే సంస్థ స్థానికం అయిపోతుందా? అందుకే జాగ్రత్తగల నగరాలు కార్యాలయం ఎంతకాలంగా నడుస్తోందో, అక్కడ నిజంగా ఎవరైనా పనిచేస్తున్నారో తనిఖీ చేస్తాయి. ఇంకో సంగతి కూడా ఉంది. ఊళ్లో ఆఫీసు ఉన్న సంస్థ పనివాళ్లందరినీ బయటి నుంచే తెచ్చుకోవచ్చు. కిటికీ దగ్గర కూర్చున్న కుర్రవాడికి అప్పుడు ఒరిగేదేమీ లేదు.

అందుకే నాకు రెండో విధానం మీదే ఎక్కువ నమ్మకం. దాని చరిత్ర అమెరికా కోర్టుల్లో మొదలుపెట్టి చెప్పాలి.

(తెర మీద: బోస్టన్ పటం, 1979.)

బోస్టన్ మేయర్ కెవిన్ వైట్ 1979లో ఒక ఉత్తర్వు ఇచ్చారు. నగర నిధులతో జరిగే నిర్మాణాల్లో కనీసం సగం మంది కార్మికులు బోస్టన్ నివాసులై ఉండాలని దాని సారాంశం. నిర్మాణ సంస్థలు కోర్టుకు వెళ్లాయి. రాష్ట్రాల మధ్య వాణిజ్యానికి నగరం అడ్డుపడుతోందని వాదించాయి. 1983లో అమెరికా సుప్రీంకోర్టు నగరం పక్షాన నిలిచింది. ఇక్కడ నగరం వ్యాపారాన్ని శాసించే ప్రభుత్వంగా ప్రవర్తించడం లేదు, తన డబ్బుతో పని చేయించుకునే కొనుగోలుదారుగా ప్రవర్తిస్తోంది అన్నది ఆ తీర్పులోని కీలకం.

మరుసటి ఏడాదే ఆ దారిలో ఒక మలుపు వచ్చింది. న్యూజెర్సీలోని కామ్డెన్ నగరం 40 శాతం స్థానిక కార్మికుల నిబంధన పెట్టింది. ఒక్క డెలావేర్ నది దాటితే అవతల ఫిలడెల్ఫియా, అంటే వేరే రాష్ట్రం. ఒక రాష్ట్ర పౌరులకు మరో రాష్ట్రంలో బతుకుతెరువు వెతుక్కునే హక్కు ఉందని, దాన్ని పక్కన పెట్టాలంటే నగరం బలమైన కారణం చూపాలని 1984లో అదే సుప్రీంకోర్టు చెప్పి, కేసును తిరిగి కింది కోర్టుకు పంపింది. ఈ రెండు తీర్పులకూ నడుమ ఉన్న ఇరుకు దారిలోనే తర్వాతి చట్టాలన్నీ నడిచాయి. శాన్ ఫ్రాన్సిస్కో దీనికి ఒక తెలివైన ఉపాయం కనిపెట్టింది. ఇతర రాష్ట్రాల నివాసులు చేసిన పనిగంటలను శాతం లెక్కలోకే తీసుకోదు. వాళ్లు వచ్చి పని చేసుకోవచ్చు, వాళ్ల వల్ల శాతం పెరగదు, తగ్గదు.

(తెర మీద: శాన్ ఫ్రాన్సిస్కో. క్రేన్లు. ఒక పెద్ద అంకె: 50 శాతం. అది నెమ్మదిగా చెరిగిపోతుంది.)

ఈ నగరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. నేను నేర్చుకున్నదంతా ఇక్కడే ఉంది.

2010కి ముందు కూడా శాన్ ఫ్రాన్సిస్కోలో స్థానిక కార్మికుల నిబంధన ఉండేది. లక్ష్యం 50 శాతం. కానీ చట్టం అడిగింది చిత్తశుద్ధితో ప్రయత్నించమని మాత్రమే. కాంట్రాక్టరు ఒక ఉత్తరం రాసి, రెండు ఫోన్లు చేసి, ఆ కాగితాలు దాఖలు చేస్తే ప్రయత్నించినట్టే. ఏళ్ల తరబడి చూస్తే చేరుకున్నది లక్ష్యంలో సగం కూడా కాదు.

2010 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టాన్ని నగర పాలక మండలి సభ్యుడు జాన్ అవలోస్ ప్రతిపాదించారు. అందులో మొదట అందుకోవలసిన లక్ష్యాన్ని పెంచలేదు, తగ్గించారు. మొదటి మెట్టు 20 శాతం, అక్కడి నుంచి ఏటా కొంత పెంచుతూ 50కి చేరాలన్నారు, కానీ తర్వాత 30 దగ్గరే ఆపారు. కానీ ఆ చిన్న అంకెను తప్పనిసరి చేశారు. మొత్తం మీద ఒకే శాతం కాకుండా ఒక్కొక్క వృత్తిలో విడిగా లెక్కించాలన్నారు. లేకపోతే తక్కువ వేతనపు పనులన్నీ స్థానికులతో చేయించి, వడ్రంగం, విద్యుత్ పని, పైపుల పని వంటి మంచి వేతనాల వృత్తులు బయటివారికే ఇవ్వవచ్చు. నేర్చుకునే దశలో ఉన్న అప్రెంటిస్‌ల పనిగంటల్లో సగం స్థానికులవై ఉండాలన్నారు. లెక్క తప్పితే, తగ్గిన ప్రతి గంటకూ ఆ పనికి నిర్ణయించిన వేతనమంత పెనాల్టీ. స్థానికుడికి ఇవ్వకుండా మిగుల్చుకున్న గంట వల్ల కాంట్రాక్టరుకు ఏ లాభమూ మిగలకూడదన్నమాట.

50 శాతం ఆశ కంటే 20 శాతం లెక్క మేలని ఆ నగరం ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలుకు ధైర్యం కావాలి. వేదికల మీద పెద్ద అంకె చెప్పడం సులభం కదా.

(తెర మీద: వారపు వేతనాల పట్టిక. పేరు గడి ఖాళీగా ఉంది. వృత్తి, నివాసం, గంటలు అన్న గడులు వెలుగుతాయి.)

ఈ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? కాంట్రాక్టరు దాఖలు చేసే వేతనాల పట్టిక నుంచి. ప్రతి కార్మికుడి వృత్తి, చిరునామా, ఆ వారం చేసిన గంటలు అందులో ఉంటాయి. తలల లెక్క కంటే గంటల లెక్క ఎందుకు మంచిదో ఇక్కడ తెలుస్తుంది. పదిమంది స్థానికులను ఒక్కరోజు పిలిచి పంపేసినా తలల లెక్కలో పదిమందీ కనబడతారు. గంటల లెక్క అలా మోసపోదు.

అయినా లొసుగు ఒకటి మిగిలే ఉంటుంది. కాంట్రాక్టరు తన ప్రైవేటు పనిలో ఉన్న స్థానికులను తీసి ప్రభుత్వ పనిలో పెట్టి, ఇక్కడి బయటివాళ్లను అక్కడికి మార్చవచ్చు. చదరంగం బల్ల మీద పావులు జరిపినట్టే. ప్రభుత్వ పట్టికలో శాతం చక్కగా పెరుగుతుంది. ఊళ్లో కొత్తగా ఒక్కరికి కూడా పని దొరకదు.

ఇంకో అడ్డంకి ఎవరి మోసమూ లేకుండానే వస్తుంది. యూనియన్లు బలంగా ఉన్నచోట కాంట్రాక్టరు యూనియన్ హాలుకు, అంటే కార్మిక సంఘం కార్యాలయానికి ఫోను చేస్తే, పని కోసం ఎదురుచూసేవారి జాబితాలో ముందున్న వ్యక్తిని పంపుతారు. ఆ వరుస ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారన్న దాన్ని బట్టి నడుస్తుంది, ఏ ఊరన్న దాన్ని బట్టి కాదు. ఆ వరుసలో న్యాయముంది. ఏళ్లుగా చందా కట్టి నిలబడినవారిని తోసేసి, నిన్న వచ్చినవారిని ముందు పంపమంటే వాళ్లకు బాధ కలగదా? అందుకే స్థానిక వాటా నిలబడాలంటే జాబితాలోకి స్థానికులు చేరాలి, అంటే అప్రెంటిస్‌లుగా ప్రవేశించాలి. అది చాలా వృత్తుల్లో మూడు నుంచి ఐదేళ్ల చదువు, పని. మొదటి రోజుకే బూట్లు, పనిముట్లు కావాలి. తెల్లవారకముందే పని స్థలానికి చేరే సాధనం కావాలి. చిన్నపిల్లలున్న తల్లికి ఆ వేళలో పిల్లల్ని చూసేవారు కావాలి. శాతం రాసి వీటికి డబ్బు కేటాయించని నగరం, తలుపు తెరిచి మెట్లు తీసేసినట్టే.

(తెర మీద: ఇంగ్లండ్. ప్రెస్టన్ నగరం.)

చిన్న సంస్థల విషయంలో ఇంగ్లండ్‌లోని ప్రెస్టన్ వేరే దారి చూపింది. 2011లో అక్కడ భారీ వాణిజ్య సముదాయ ప్రణాళిక కుప్పకూలింది. పెట్టుబడి బయటి నుంచి వస్తుందన్న ఆశ పోయింది. అప్పుడు నగర మండలి, పోలీసు విభాగం, విద్యాసంస్థలు వంటి స్థిరమైన సంస్థలు తమ కొనుగోళ్లు ఎటు పోతున్నాయో లెక్క తీశాయి. 2012-13లో వాటి ఖర్చులో ప్రెస్టన్‌లో మిగిలింది 5 శాతమే. 2016-17 నాటికి అది 18 శాతం దాటింది.

చిరునామా చూసి టెండర్ ఇవ్వడానికి అప్పటి యూరోపియన్ చట్టం ఒప్పుకోదు. అందుకే వాళ్లు మొగ్గు చూపలేదు. పెద్ద కాంట్రాక్టులను చిన్న లాట్లుగా విడగొట్టడం, టెండర్ రాకముందే స్థానిక సంస్థలతో మాట్లాడడం వంటి పనులు చేశారు. చిన్న సంస్థలు ఓడిపోయేది చాలాసార్లు ధర దగ్గర కాదు. మొత్తం పట్టణానికి ఒకే కాంట్రాక్టు ఇస్తే దాన్ని మోసే బలం వాటికి ఉండదు. అంత హామీ సొమ్ము కట్టలేవు. బిల్లు నెలల తరబడి రాకపోతే కూలి చెల్లించలేవు. కాంట్రాక్టును విడగొట్టి, బిల్లు త్వరగా చెల్లిస్తే 10 శాతం మొగ్గు అవసరం లేకుండానే చాలామంది పోటీలో నిలుస్తారు.

(తెర మీద: పక్కపక్కన రెండు పట్టణాలు, మధ్య గీత.)

వ్యతిరేకించేవారి వాదనలో బరువైనది ఒకటుంది: నువ్వు గీత గీస్తే పొరుగువాడూ గీస్తాడు. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయం ఆ నగర యాజమాన్యంలోనిదే, కానీ నేల మీద ఉన్నది సాన్ మేటియో కౌంటీలో. అక్కడి కార్మికులకు నగరపు వాటా అన్యాయంగా కనిపించింది. వాళ్ల కోపం నిజమైనదే. అద్దెలు భరించలేక నగరం వదిలి పొరుగుకు వెళ్లిన కార్మికుడు, నిన్నటి దాకా చేసిన పనికి ఈ రోజు బయటివాడైపోతాడు.

ఒహాయోలో ఈ పోరు రాష్ట్రానికీ నగరానికీ మధ్య సాగింది. క్లీవ్‌లాండ్ 2003లో పెద్ద కాంట్రాక్టుల పనిగంటల్లో 20 శాతం నగరవాసులకు కేటాయించింది. ఆ చట్టానికి దాని కోసం పోరాడిన మండలి సభ్యురాలు ఫానీ లూయిస్ పేరే నిలిచింది. అందులో నాకు బాగా నచ్చిన షరతు ఇంకొకటుంది: ఆ నగరవాసుల గంటల్లో కనీసం 4 శాతం తక్కువ ఆదాయం గలవారికి దక్కేలా గట్టిగా ప్రయత్నించాలి. స్థానికుల్లోనూ ఎవరు వెనకబడ్డారో ఆమె గుర్తుపెట్టుకున్నారు. ఇలాంటి నిబంధనలు పెట్టకూడదని 2016లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. 2019లో ఒహాయో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఫానీ లూయిస్ అప్పటికి పదకొండేళ్ల క్రితమే కన్నుమూశారు.

(తెర మీద: మళ్లీ మొదటి వీధి. గేటు. కిటికీ.)

మీ నగరంలో ఇలాంటి నిబంధన ఉంటే, ప్రారంభోత్సవంలో చెప్పే శాతంతో ఆగకండి. వృత్తులవారీగా పనిగంటల పట్టిక అడగండి. ఏ కాంట్రాక్టరు మీదైనా ఒక్కసారైనా పెనాల్టీ వేశారా అని అడగండి. మొదటి ఏడాది చేరిన అప్రెంటిస్‌లలో మూడో ఏడాదికి ఎంతమంది మిగిలారో అడగండి. ఆ మూడో సంఖ్యను చాలా కార్యాలయాలు లెక్కించనే లేదంటే, లెక్కించడం మొదలుపెట్టమని అడగండి.