ఎదిగే వయసు, టైప్ 1 మధుమేహం, బరువు భయం

సభకు నమస్కారం.

ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులలో చాలామంది పిల్లలు హైస్కూలులోనో ఇంటర్‌లోనో ఉన్నారు కనుక, ఏది తినాలి, ఏది తినకూడదు అన్న జాబితాలను పక్కనపెట్టి, ఆ వయసులో తిండికీ బరువుకూ ఇన్సులిన్‌కూ మధ్య పడే చిక్కుముడి గురించే మాట్లాడదలచాను.

1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్ తీసుకున్న లియోనార్డ్ థాంప్సన్ 14 ఏళ్ల కుర్రవాడు. అప్పటికి అతని బరువు సుమారు 30 కిలోలు. ఈ జబ్బు వచ్చిన పిల్లలను మరికొన్నాళ్లు బతికించుకోవడానికి ఆనాటి వైద్యులకు తెలిసిన దారి తిండి దాదాపు మాన్పించడమే. ఆ రోజులు పోయి నూరేళ్లు దాటినా, మన హైదరాబాదు ఇళ్లలో షుగరున్న తాతగారికి పెట్టిన పథ్యాన్నే మనవరాలికీ పెట్టి, అన్నం సగానికి తగ్గించే అలవాటు పోలేదు. తాతగారిది టైప్ 2. ఆయన ఒంట్లో ఇన్సులిన్ ఉంటుంది, సరిగా పనిచేయదు. పిల్లది టైప్ 1. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలే నాశనమయ్యాయి. పైగా ఆమె ఇంకా ఎదగాలి.

జబ్బు బయటపడే ముందు పిల్లలు చిక్కిపోతారు, ఇన్సులిన్ మొదలయ్యాక ఆ బరువు తిరిగి వస్తుంది. అది కోలుకోవడమే. ఆ తరువాత యుక్తవయసు హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయక మోతాదు పెరుగుతుంది. అద్దం ముందు నిలబడి తనను తాను చూసుకునే ఆ వయసులో, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంజెక్షన్ మానేస్తే సన్నబడతామని ఎవరూ చెప్పకుండానే కనిపెడతారు. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే మూత్రంలోకి పోవడం మొదలవుతుంది, దానితోపాటు తిన్న తిండిలోని శక్తీ పోతుంది కనుక బరువు నిజంగానే తగ్గుతుంది. కానీ ఇన్సులిన్ బొత్తిగా చాలనప్పుడు ఒంట్లో కొవ్వు కరిగి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని, వాంతులు, ఆయాసంతో మొదలై ప్రాణం మీదికి రావచ్చు. నెలలో అయిపోవలసిన ఇన్సులిన్ మిగిలిపోతున్నా, రాత్రి పదేపదే మూత్రానికి లేస్తున్నా, రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితం కారణం తెలియకుండా పెరిగినా, దయచేసి కేకలు వేయకండి. ఆ పిల్ల అబద్ధం ఆడుతోందని కాదు, భయపడుతోందని అర్థం చేసుకోండి.

బరువు అనవసరంగా పెరగడానికి నేను తరచుగా చూసే కారణం మిఠాయిలు కావు, షుగరు పడిపోతుందన్న భయం. 70 కంటే తగ్గినప్పుడు 15 గ్రాముల గ్లూకోజు, అంటే నీళ్లలో కలిపిన మూడు చెంచాల చక్కెర ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ పరీక్షించాలి. ఆ పావుగంట ఆగడం తల్లికి ఎంత కష్టమో నాకు తెలుసు. ఆగలేక ఇచ్చిన లడ్డూ, చాక్లెట్, పాలగ్లాసు రోజూ అలవాటైతే మనం పిల్లకు కాక ఇన్సులిన్‌కు తిండి పెడుతున్నట్టు. షుగరు రోజూ ఒకే వేళకు పడిపోతుంటే తగ్గించవలసింది ఆ పూట మోతాదు, అదీ డాక్టరుతో మాట్లాడి.

ఇన్సులిన్ మోతాదు తిన్న పిండిపదార్థానికి సరిపోవాలి కనుక, అన్నాన్ని గరిటెలతో కాక ఒక నెలరోజులు వంటింటి త్రాసుతో కొలవండి. 100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన తిండిగింజలకూ పప్పులకూ కూరగాయలకూ పోషక విలువల పట్టికలు ప్రచురించింది కనుక, విదేశీ రొట్టెల లెక్కలతో తంటాలు పడనక్కరలేదు. ఆదివారం బిర్యానీ మాన్పించకండి. అయితే అందులోని నూనె, నెయ్యి వల్ల షుగరు ఆలస్యంగా, చాలా గంటలపాటు పెరుగుతుంది కనుక పడుకునే ముందు ఒకసారి చూడండి. సాయంత్రం ఆటలు ఆడిన రోజున మాత్రం రాత్రి నిద్రలో షుగరు పడిపోయే ప్రమాదముంది. ట్యూషన్ నుంచి పదింటికి వచ్చి ఆకలి మీద తినే పిల్లలకు సాయంత్రం ఒక గుడ్డో, గుప్పెడు ఉడికించిన శనగలో ముందుగా అందితే రాత్రి పళ్లెం దానంతటదే తగ్గుతుంది.

ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు బరువుతోపాటు ఎత్తు కూడా ఎదుగుదల పటంలో గుర్తించమని అడగండి, ఎందుకంటే మీరు లావు అనుకుంటున్నది ఆ వయసుకు తగిన బరువే కావచ్చు. ఆ తరువాత ఐదు నిమిషాలు మీరు బయట కూర్చుని, పిల్లను డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.