తెరాయి నేలలో గడ్డి, అడవి, నీరు

శ్రోతలకు నమస్కారం. హిమాలయాల పాదాల దగ్గర ఉత్తరాఖండ్‌లో మొదలై, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల ఉత్తరపు అంచులనూ నేపాల్ దక్షిణ భాగాన్నీ కలుపుకొని తూర్పుకు సాగే పల్లపు నేలను తెరాయి అంటారు. ఈ నేలలో ఎన్ని రకాల మొక్కలు కలిసి బతుకుతున్నాయో, ఆ వైవిధ్యం దేనివల్ల నిలుస్తోందో ఈ ప్రసంగంలో వివరిస్తాను. ప్రకృతి సంపద అనగానే చెట్లనే లెక్కపెట్టే అలవాటు మనలో బలంగా ఉంది కాబట్టి, గడ్డికీ నీటికీ కొంత ఎక్కువ సమయం కేటాయిస్తున్నాను.

కొండలు దిగిన వాగులు ముందుగా భాబర్ అనే గులకరాళ్ల వాలు మీదికి వస్తాయి. అక్కడ వాటి నీరు చాలావరకు ఇంకిపోయి, భూమి లోపలే సాగి, సన్నని ఒండ్రు మట్టి మొదలయ్యే చోట ఊటలుగా పైకి ఉబుకుతుంది. తెరాయి నేల ఎండాకాలంలో కూడా అనేక చోట్ల చెమ్మగా ఉండడానికి కారణం ఇదే. దీనికి తోడు శారద, ఘాఘ్రా, గండక్ వంటి నదులు ఒకే దారిని నమ్ముకొని పారవు. వర్షాకాలంలో ఒక ఒడ్డును కోసి మరో ఒడ్డున ఇసుక మేట వేస్తాయి, పాత పాయను వదిలి కొత్త దారి పడతాయి. తెరాయిలోని మొక్కల కథ అంతా ఈ కదలికలోనే ఉంది.

కొత్తగా పడిన ఇసుక మేట మీద మొదట రెల్లు పుడుతుంది. దాని విత్తనం గాలిలో తేలివస్తుంది, వేళ్లూ కాండాలూ భూమిలో పాకి ఇసుకను పట్టి ఉంచుతాయి. ఆ నేల కొంచెం కుదుటపడ్డాక సండ్ర, సిస్సూ చెట్లు వస్తాయి. ఈ రెండూ చిక్కుడు కుటుంబానికి చెందినవి కాబట్టి, వేళ్ల మీది బుడిపెలలో ఉండే సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని మట్టికి అందిస్తాయి. తరువాత బూరుగు, నేరేడు వంటివి చేరతాయి. నీరు నిలవని ఎత్తైన పాత ఒండ్రు మీద చివరికి సాల వృక్షాలు స్థిరపడతాయి. అయితే ఈ క్రమం ఎప్పుడూ ముగింపుదాకా సాగుతుందని అనుకోకూడదు. ఏ దశలోనైనా నది తిరిగివచ్చి, అడవిని కోసుకుపోయి, అక్కడ మళ్లీ ఇసుకనే మిగల్చవచ్చు. అలా జరగడం నష్టంగా కనిపించినా, రెల్లుకూ సండ్రకూ కొత్త చోటు దొరికేది అప్పుడే.

గడ్డి నేలల సంగతి మరికొంత వివరంగా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లోని లఖింపూర్ ఖీరీ జిల్లాలో, 1977లో ఏర్పడిన దుధ్వా జాతీయ ఉద్యానంలో, సాల అడవి మధ్యలో విశాలమైన గడ్డి మైదానాలు ఉన్నాయి. వాటిని అక్కడివారు ఫాంటాలు అంటారు. దూరం నుంచి చూస్తే అంతా ఒకే గడ్డి అనిపిస్తుంది గాని, దగ్గరికి వెళితే నేల ఎత్తు కొద్దిగా మారినా గడ్డి మారిపోతుంది. పల్లంలో కిక్కిస, చెమ్మ ఉన్న చోట వట్టివేరు, కాస్త ఆరిన నేలలో దర్భ, ఇంకోచోట నారెంగా, థెమెడా జాతుల ఎత్తైన గడ్డి కనిపిస్తాయి. ఈ ఎత్తు గడ్డిలో ఏనుగు కూడా కనబడకుండా నడిచిపోగలదు. వాటి మొదళ్ల మధ్య తుంగ జాతులు, చిక్కుడు కుటుంబపు చిన్న మొక్కలు, నేల ఆర్కిడ్‌లు ఉంటాయి. వైవిధ్యంలో పెద్ద భాగం ఈ చిన్న మొక్కలదే. పైగడ్డి దట్టంగా కమ్ముకుంటే వాటికి వెలుతురు అందదు.

ఇక్కడే నిప్పు ప్రస్తావన వస్తుంది. ఇళ్ల కప్పుకోసం గడ్డి కోసుకోవడం, కోత తరువాత మిగిలినదాన్ని చలికాలం చివర కాల్చడం తెరాయి ఆదివాసులైన థారూ ప్రజలు నివసించే ప్రాంతాల్లో చాలాకాలంగా ఉన్న పని. కాలిన చోట లేత చిగుళ్లు వస్తాయి, చిన్న మొక్కలు పూస్తాయి, జింకలు మేతకు చేరతాయి. కాని మైదానమంతా ఒకేసారి కాలిపోతే, ముతక వెంట్రుకలు గల హిస్పిడ్ కుందేలుకు దాక్కొనే చోటు మిగలదు. ఆలస్యంగా కాలిస్తే నేలమీద గూడు పెట్టే పక్షుల గుడ్లు నాశనమవుతాయి. కాబట్టి కొంత భాగాన్ని కాల్చి, కొంత భాగాన్ని ఆ ఏటికి వదిలేసి, మరుసటి ఏడు మార్చడమే సరైన పద్ధతి అని నా గట్టి అభిప్రాయం. నిప్పును పూర్తిగా ఆపేస్తే పొదలూ చెట్లూ క్రమంగా గడ్డిని ఆక్రమిస్తాయి.

సాల అడవి గురించి ఎక్కువమందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. సాల విత్తనం వేసవి చివర రాలుతుంది, మొలకెత్తే శక్తిని కొద్ది రోజుల్లోనే కోల్పోతుంది. ఆ కొద్ది రోజుల్లో తొలకరి పడాలి. మొలిచిన మొక్క కూడా ఏళ్ల తరబడి పైభాగం ఎండిపోతూ, మళ్లీ వేరు నుంచి చిగురిస్తూ, వేరు బలపడిన తరువాతనే పైకి లేస్తుంది. ఆ చెట్ల నడుమ నల్లమద్ది, కుంకుమ చెట్టు, ఎన్నో తీగలు బతుకుతాయి.

నది వదిలేసిన పాయలే కాలక్రమంలో తాల్ అనే చెరువులవుతాయి. వాటిలో మొక్కలు లోతును బట్టి అమరుతాయి. ఒడ్డున జమ్ము, అడవి వరి, తూటికూర, తరువాత తామర, కలువ, నీటిమీద తేలే సింగాడా అనే తినే కాయల మొక్క, ఇంకా లోతున నీటిలో మునిగి ఉండే నాచు జాతులు కనిపిస్తాయి. ఏటా నీరు పెరిగి తగ్గుతుంటేనే ఈ వరుస నిలుస్తుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర ఉన్న, నీటిపక్షులకు నెలవైన చిత్తడి నేల కేవలాదేవ్ ఉద్యానం తెరాయిలో లేకపోయినా, దాని అనుభవం ఇక్కడికీ వర్తిస్తుంది. అక్కడ 1982లో పశువుల మేతను నిషేధించారు. ఆ తరువాత గేదెలు తింటూ అదుపులో ఉంచిన పాస్పాలం అనే గడ్డి నీటిమీద విపరీతంగా అల్లుకుంది, ఇతర నీటి మొక్కలకూ పక్షులకూ చోటు తగ్గింది. రక్షణ ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయమే వైవిధ్యాన్ని తగ్గించిన ఈ సంఘటనను ప్రతి అధికారీ తెలుసుకోవాలని కోరుకుంటాను. ఈనాడు అనేక చెరువుల్లో గుర్రపుడెక్క ఇలాంటి హానే చేస్తోంది.

ఈ మూడు రకాల నేలల్లో దేనిలో ఎక్కువ వైవిధ్యం ఉందని చాలామంది అడుగుతారు. చదరపు మీటరు మడిలో జాతులను లెక్కించి పోలిస్తే చెరువుకు తక్కువ సంఖ్య రావచ్చు. అయితే చెరువులోని మొక్కలు అడవిలో ఉండవు, ఫాంటాలోని గడ్డి చెరువులో ఉండదు. ఒక్కో మడిలోని లెక్క కంటే మడికీ మడికీ మధ్య ఉన్న తేడాయే ఈ ప్రాంతపు అసలు సంపద. ఒకదాన్ని పోగొట్టుకుంటే మిగిలిన రెండూ ఆ లోటును తీర్చలేవు.

వీటిని కలిపే జీవులు కూడా ఉన్నాయి. నేపాల్‌లోని చిత్వన్‌లో ఒంటికొమ్ము ఖడ్గమృగాలు నది ఒడ్డు అడవిలో ట్రెవియా చెట్టు పళ్లను తిని, పేడ ద్వారా ఆ విత్తనాలను గడ్డి మైదానంలోకి చేరుస్తాయని శాస్త్రజ్ఞులు గుర్తించారు. వెలుతురు దండిగా ఉన్న ఆ పేడకుప్పల మీద మొలకలు బాగా ఎదుగుతాయి. తెరాయిలోని ఉత్తరప్రదేశ్ భాగంలో పూర్తిగా అంతరించిన ఈ జంతువును 1984లో అస్సాం నుంచి దుధ్వాకు తిరిగి తెచ్చారు, ఆ తరువాత నేపాల్ నుంచి కూడా కొన్నింటిని చేర్చారు.

గడ్డి నేలను బీడుగా లెక్కగట్టి అందులో చెట్లు నాటే ఆలోచన ఇంకా పోలేదు. యూకలిప్టస్, టేకు వరుసలు లేచిన చోట ఆకుపచ్చదనం కంటికి కనిపిస్తుంది, గడ్డినీడ చిన్న మొక్కలు మాత్రం పోతాయి. ఒక ఫాంటాలో ఏముందో తేల్చడానికి ఒక్క సర్వే చాలదు. కాల్చిన తరువాత వసంతంలో ఒకసారి, వానలు ముగిశాక మరొకసారి చూడాలి, ఎందుకంటే ఈ రెండు కాలాల్లో పూసే మొక్కలు వేరు. చెరువుల్లో నీరు తగ్గే నెలల్లో ఒడ్డు బురద మీద మొలిచే జాతులు నీరు నిండుగా ఉన్నప్పుడు కనిపించవు. కనుక అక్కడ కూడా రెండు కాలాల పరిశీలన అవసరం.