ఒకే రక్తానికి రెండు అంకెలేంటండీ?

(విజయనగరం స్టూడియోలో జరిగిన చర్చ ఇది. మైకుల గొడవ, మధ్యలో టీ వచ్చిన హడావిడి తీసేశాం.)

యాంకర్: నమస్కారం. ఇవాళ యాంటీబాడీ టెస్టుల గురించి, అంటే రోగంతో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకునే రక్షణ ప్రోటీన్లను రక్తంలో చూసే టెస్టుల గురించి మాట్లాడుకుందాం. మైక్రోబయాలజీ డాక్టరుగారు, ఎన్నో ఏళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్న టెక్నీషియన్‌గారు మనతో ఉన్నారు. అప్పుడే చీపురుపల్లి నుంచి ఫోన్ కూడా వచ్చేసింది. చెప్పండి బాబాయ్‌గారూ.

ఫోన్‌లో: ఏటి లేదమ్మా, కోవిడ్ టీకా రెండు డోసులూ అయ్యాక యాంటీబాడీ టెస్ట్ చేయించాను, 1,240 వచ్చింది. మా అబ్బాయికి నమ్మకం కుదరక అదే వారంలో ఇంకోచోట చేయిస్తే 170 చిల్లర వచ్చింది. వారంలో వెయ్యి ఎక్కడికి పోయినట్టండీ? ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. కాగితాలు ఇప్పటికీ దాచాను.

డాక్టర్: చేతిలో ఉన్నాయా? అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి.

ఫోన్‌లో: ఉండండి, కళ్లజోడు... ఆ, ఒకదాంట్లో ఏయూ. రెండోదాంట్లో బీఏయూ.

డాక్టర్: అదీ సంగతి. మొదట్లో ఏ కంపెనీ మిషన్‌కి ఆ కంపెనీదే కొలత, ఏయూ అంటే అలాంటిదే. 2020 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రామాణిక నమూనా తయారుచేసి, అందరూ దీంతో పోల్చి చెప్పండి అంది, అక్కణ్నుంచి వచ్చింది బీఏయూ అనే ఉమ్మడి కొలత. మొదటిది అబాట్ అనే కంపెనీ మిషన్ మీద చేసిన టెస్టయితే ఆ అంకెను 0.142తో గుణించాలి.

టెక్నీషియన్: (ఫోన్‌లో లెక్క చూసి) 176.

ఫోన్‌లో: ఓరి! అయితే రెండూ ఒకటేనా?

యాంకర్: మా అమ్మమ్మగారి ఊళ్లో కుంచం వేరు, పక్క ఊళ్లో కుంచం వేరు. ధాన్యం అదే.

ఫోన్‌లో: బాగుంది. పోనీ ఆ 176 ఉంటే భయం లేనట్టేనా?

డాక్టర్: లేదు బాబాయ్‌గారూ, అలా చెప్పే గీత కోవిడ్‌కి అందరూ ఒప్పుకున్నది ఏదీ లేదు. ఫ్లూకి ఒకటుంది. వైరస్ కలిస్తే కోడి రక్తకణాలు గుంపుకడతాయని 1941లో జార్జ్ హర్స్ట్ అనే శాస్త్రవేత్త గమనించారు, ఆ టెస్ట్ ఇప్పటికీ చేస్తున్నాం. సీరంని, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీళ్లని, మజ్జిగ పలచన చేసినట్టు పదింతలు, ఇరవై, నలభై అలా ప్లేటులోని గుంటల్లో పలచన చేస్తూ పోయి వైరస్, రక్తకణాలు కలుపుతాం. యాంటీబాడీ పనిచేసినంతవరకు వైరస్‌కి రక్తకణాలను పట్టుకోవడం కుదరదు, ఆ కణాలు గుంటలో అడుక్కి దిగి గుండీలా కూర్చుంటాయి, పనిచేయనిచోట పల్చటి తెరలా పరుచుకుంటాయి. నలభై రెట్లు పలచన చేసినా గుండీ నిలిస్తే ఆ ఫ్లూ సోకే ముప్పు సుమారు సగానికి తగ్గిందని ఒక అంచనా. గమనించండి, సగం. అదీ పూర్తి భరోసా కాదు.

యాంకర్: నెగెటివ్ వచ్చిందని ఏడ్చినవాళ్లు కూడా ఉన్నారట కదా?

టెక్నీషియన్: ఎందుకు లేరండీ! కోవిషీల్డ్ రెండు డోసులు వేయించుకున్న ఒక టీచరమ్మ రిపోర్టు పట్టుకుని మా కౌంటర్ దగ్గర నిలబడి, నా ఒంట్లో టీకా పట్టలేదా బాబూ అని ఒకటే ఏడుపు. తీరా చూస్తే ఆవిడ చేయించింది వైరస్ లోపల ఉండే ఎన్ ప్రోటీన్ మీద యాంటీబాడీల టెస్ట్. కోవిషీల్డ్ ఒంటికి చూపించేది వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్‌నే, ఎన్ యాంటీబాడీలు దాని వల్ల రానే రావు. కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది కాబట్టి రెండు రకాలూ రావచ్చు. ఏ టెస్టో అడక్కుండా డబ్బు కట్టేస్తే ఇంతే.

యాంకర్: మీ చేతిలో అసలు ఏం జరుగుతుంది?

టెక్నీషియన్: ఎలైసా అని, రంగు చూసి యాంటీబాడీ కొలిచే టెస్ట్ అయితే 96 గుంటల ప్లేటు. అడుగున వైరస్ ముక్క అంటించి ఉంటుంది, సీరం పోస్తాం, యాంటీబాడీ ఉంటే దానికి అతుక్కుంటుంది. కడుగుతాం. ఎంజైమ్ తగిలించిన ఇంకో యాంటీబాడీ పోసి మళ్లీ కడుగుతాం. తర్వాత ఆ ఎంజైమ్ తగిలితే రంగు మారే ద్రవం పోస్తే నీలం వస్తుంది, చివర్లో యాసిడ్ పడగానే పసుపు, ఆ పసుపు చిక్కదనాన్నే మిషన్ చదువుతుంది. ప్రాణమంతా కడగడంలోనే ఉందండీ. బియ్యం సరిగ్గా కడక్కపోతే గంజి మిగిలినట్టు, ఇక్కడ కడగడం తగ్గితే లేని రంగు వస్తుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు తొందరపడేది అక్కడే.

యాంకర్: మరి మనిషికి గ్యారంటీ ఇవ్వని టెస్ట్ ఎందుకు డాక్టరుగారూ?

డాక్టర్: ఊరికి పనికొస్తుంది. 2020 మే మొదటి వారం దాకా మన జిల్లాలో ఒక్క కేసూ లేదని, గ్రీన్ జోన్ అని మురిసిపోయామా? అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్ర సీరో సర్వే, అంటే ఊళ్లలో జనం రక్తంలో యాంటీబాడీలు చూసిన సర్వే, ఫలితాలు వస్తే రాష్ట్రం మొత్తం మీద 19.7 శాతం మందికి యాంటీబాడీలున్నాయి, మన విజయనగరంలో 30.6. అన్ని జిల్లాల్లోకీ మనదే ఎక్కువ. దగ్గు లేదు, జ్వరం లేదు, వచ్చి వెళ్లిపోయిందని తెలియనే తెలియదు చాలామందికి. అది ఈ టెస్టే పట్టుకుంది. దాన్ని మనిషి మనిషికీ ధైర్యం సర్టిఫికెట్‌లా అమ్మారు చూడండి, నాకు నచ్చనిది అదీ. పైగా నెలలు గడిచేకొద్దీ యాంటీబాడీలు తగ్గడం మామూలే, వాటిని మళ్లీ తయారుచేసే జ్ఞాపకకణాలను ఈ టెస్ట్ లెక్కపెట్టదు.

ఫోన్‌లో: అమ్మా, నేనింకా లైన్‌లోనే ఉన్నాను. ఈ కాగితాలేం చేయమంటారు?

డాక్టర్: తేదీ ఎంతుంది?

ఫోన్‌లో: 2021 జూలై.

డాక్టర్: ఇంకెందుకండీ, వెనక వైపు ఖాళీ ఉంటే పాల లెక్క రాసుకోండి.

ఫోన్‌లో: రెండోదాని వెనక మావాడు వడ్డీ లెక్క వేసేశాడు. ఆ టెస్టు డబ్బు వాడిదే లెండి.