బతికున్న ఐరిష్ హీరో ఎవరంటే నా ఓటు ఈ రిజిస్టర్ల పెద్దావిడకే

ఐరిష్ హీరో ఎవరు అని అడిగితే చాలు, తిప్పి తిప్పి అవే పేర్లు. U2 బ్యాండ్ సింగర్ బోనో అంటారు. కేటీ టేలర్ అంటారు, ఆవిడంటే నాకూ ఇష్టమే, 2012 లండన్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ గోల్డ్ కొట్టడం మామూలు విషయం కాదు. ఇంకొందరు కేజ్ ఫైటర్ మెక్‌గ్రెగర్ అంటారు, ఆయన గురించి నన్ను మాట్లాడించకండి. కొంచెం చరిత్ర చదివినోళ్ళయితే స్వాతంత్ర్య పోరాట నాయకుడు మైకేల్ కాలిన్స్ అంటారు. బాబూ, ఆయన 1922లోనే పోయాడు, నేనడిగింది బతికున్నోళ్ళ సంగతి.

ఈ బతికున్న అనే కండిషన్ దగ్గరే అసలు తిరకాసు ఉంది. పోయినోళ్ళకి దండలేయడం తేలిక, వాళ్ళు తిరిగి ఏమీ అడగరు కదా. సింగర్ షినేడ్ ఓకానర్‌నే తీసుకోండి. చర్చి పెద్దల చేతుల్లో పిల్లలు పడ్డ నరకం గురించి జనం మాట్లాడాలని 1992లో అమెరికాలో లైవ్ టీవీలో పోప్ ఫొటో చింపేసింది. అప్పుడేమన్నారు? పిచ్చిదన్నారు, తర్వాత ఇంకో స్టేజ్ ఎక్కితే అరిచి గోల చేశారు. 2023లో ఆవిడ పోయాక ఆవిడ ఒకప్పుడు ఉన్న బ్రే ఊళ్ళో రోడ్డుకి రెండువైపులా జనమే జనం. ముప్పై ఏళ్ళు లేటు. అందుకని నా మనిషి గురించి ఆవిడ ఉండగానే చెప్పేస్తా.

[స్క్రీన్ మీద: ఐర్లాండ్ మ్యాప్, పడమటి వైపు గాల్వే, దాని పైన ట్యూమ్]

పేరు కేథరిన్ కార్లెస్. గాల్వే కౌంటీలో ట్యూమ్ అనే చిన్న టౌన్. గాల్వే అనగానే మనోళ్ళకి సవితా హలప్పనవర్ గుర్తొస్తుంది, కర్ణాటక నుంచి వెళ్ళిన డెంటిస్ట్, 2012 అక్టోబర్‌లో అక్కడి హాస్పిటల్లోనే, అడిగినా అబార్షన్ చేయకపోతే పోయింది. అదే ఏడాది, అదే కౌంటీలో, కేథరిన్ ఊరి చరిత్ర సంఘం వాళ్ళ పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఊళ్ళో ఒకప్పుడు పెళ్ళి కాని తల్లులకి, వాళ్ళ పిల్లలకి నన్స్ నడిపిన హోమ్ గురించి. ఆ వ్యాసాన్ని అప్పుడు పట్టించుకున్న నాథుడు లేడు.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే సంగతికి వస్తా. ఈవిడ గురించి విన్నోళ్ళలో సగం మంది, "ఆ, సెప్టిక్ ట్యాంకులో 800 మంది పిల్లల అస్థిపంజరాలు తవ్వి తీసింది కదా" అంటారు. మిగతా సగం, "అదంతా ఫేక్ అంట, అస్థిపంజరాలేం దొరకలేదంట" అంటారు. ఇద్దరికీ విషయం తెలీదు! ఆవిడ ఒక్క పార మట్టి కూడా తవ్వలేదు. ఆవిడ చేసింది గుమాస్తా పని, పచ్చిగా చెప్పాలంటే లెక్క టాలీ చేసింది, అంతే. నాకు ఆవిడ హీరోగా కనపడేది ఆ పనివల్లే.

ఎలాగో చెప్తా. మన రేషన్ షాపు ఉంది కదా, అక్కడ స్టాకు రిజిస్టర్ ఉంటుంది. గోడౌన్‌కి ఇన్ని బస్తాలు వచ్చాయి, కార్డుదారులకి ఇన్ని ఇచ్చాం, మిగిలింది ఇంత. మీరు ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళారు. వచ్చినట్టు రాసుంది, ఇచ్చినట్టు ఎక్కడా రాసిలేదు, గోడౌన్ చూస్తే ఖాళీ. దొంగని మీరు కళ్ళతో చూడక్కర్లేదు, తాళం పగలగొట్టక్కర్లేదు. "ఏవీ బస్తాలు?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, జవాబు చెప్పుకోవాల్సింది అవతలోడే.

కేథరిన్ ఇదే చేసింది. ఆ హోమ్ 1925 నుంచి 1961 దాకా నడిచింది. నడిపింది బాన్ సికోర్స్ అనే నన్స్ సంస్థ, డబ్బులిచ్చింది గాల్వే కౌంటీ కౌన్సిల్. అంతకుముందు ఆ బిల్డింగు వర్క్‌హౌస్, అంటే బ్రిటిష్ టైంలో దిక్కులేనోళ్ళని పెట్టే చోటు. పెళ్ళి కాకుండా కడుపొచ్చిన ఆడపిల్లల్ని తెచ్చి ఇందులో పడేసేవాళ్ళు, కాన్పయ్యాక ఏడాది పాటు జీతం లేకుండా చాకిరీ చేయించుకుని తల్లిని బయటికి పంపేవాళ్ళు, బిడ్డ లోపలే. బతికిన పిల్లల్ని ఎవరింటికో పెంపకానికి ఇచ్చేవాళ్ళు, కొందరు దత్తత పేరుతో అమెరికా దాకా వెళ్ళారు.

మరి పోయిన పిల్లలు? కేథరిన్ గాల్వేలో జనన మరణాల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఫోన్ చేసి, హోమ్‌లో చనిపోయిన పిల్లల వివరాలు కావాలంది. కొన్నాళ్ళకి ఆఫీసు నుంచి తిరిగి ఫోన్, "ఏమండీ, అన్నీ కావాలా మీకు నిజంగా?" అని. ఈవిడ ఓ ఇరవయ్యో ముప్పయ్యో ఉంటాయనుకుంది. వందల్లో ఉన్నాయి. ఒక్కో రికార్డుకి 4 యూరోలు, సొంత డబ్బులు. మొత్తం తేలింది 796. అంటే మూడు వేల యూరోలకి పైనే, ఏ యూనివర్సిటీ గ్రాంటూ లేదు, ఏ పేపరోడూ ఇవ్వలేదు, ఇల్లు చూసుకుంటూ సాయంత్రం క్లాసుల్లో లోకల్ చరిత్ర నేర్చుకున్న మనిషి ఈవిడ.

లిస్టులో మొదటివాడు 1925లో పోయిన ఐదు నెలల పసివాడు. ఆఖరి పేరు 1960లోది. జబ్బులేంటి? తట్టు, కోరింత దగ్గు, న్యుమోనియా, ఫిట్స్, తిండి ఒంటికి పట్టక చిక్కి శల్యమైపోవడం. సగటున రెండు వారాలకి ఒక బిడ్డ, ముప్పై అయిదేళ్ళ పాటు. ప్రతి చావుకీ సర్టిఫికెట్ ఉంది, అంటే దాచిపెట్టింది కూడా ఏమీ లేదు, గవర్నమెంటు బీరువాలోనే ఉంది, అడిగిన వాళ్ళు లేరు అంతే.

ఇది రిజిస్టర్‌లో "వచ్చింది" అనే కాలమ్. ఇప్పుడు "ఇచ్చింది" అనే కాలమ్. ట్యూమ్ శ్మశానం పుస్తకాలు తెప్పించి, ఈ 796 పేర్లు ఒక్కొక్కటీ వాటితో సరిచూసింది. ఒకరిద్దరు తప్ప ఎవరూ లేరు. చుట్టుపక్కల శ్మశానాలు చూసింది, తల్లుల సొంతూళ్ళవి చూసింది. లేరు. క్యాథలిక్ దేశంలో, బాప్తిస్మం అయిన పిల్లలు, నన్స్ చేతుల మీదుగా పోయిన పిల్లలు, వాళ్ళని ఎక్కడ పాతిపెట్టారో ఒక్క లైను రాసి లేదు!

[స్క్రీన్ మీద: రెండు పాత మ్యాపులు ఒకదాని మీద ఒకటి]

తర్వాతది నాకు అన్నిటికన్నా నచ్చిన పని. పాత ఆర్డినెన్స్ సర్వే మ్యాపు, అంటే గవర్నమెంటు సర్వే మ్యాపు తీసుకుంది, అందులో వర్క్‌హౌస్ వెనక ఒక చోట "మురుగు ట్యాంకు" అని ఉంది. బిల్డింగు కూలగొట్టి కాలనీ ఇళ్ళు కట్టినప్పటి మ్యాపు ఇంకోటి తీసుకుంది, అందులో ఒక చోట చేత్తో "శ్మశానం" అని రాసి ఉంది. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే రెండూ ఒకే చోట పడ్డాయి. అదే చోట 1975లో ఇద్దరు పిల్లలు ఆడుకుంటూ ఒక కాంక్రీటు పలక లేపితే కింద ఎముకలు కనపడ్డాయి. చర్చి ఫాదర్ గారొచ్చి ప్రార్థన చేసి మూసేయించారు. ఊరోళ్ళు ఇవి 1840ల నాటి ఐర్లాండ్ పెద్ద కరువు కాలం ఎముకలు అనుకుని, అక్కడ చిన్న మేరీ మాత గుడిలాంటిది పెట్టి గడ్డి కత్తిరిస్తూ వచ్చారు. అంటే గోడౌన్ వెనక గుంట ఉందని ఊరందరికీ తెలుసు, రిజిస్టర్‌ని ఆ గుంటతో కలిపి చూసినోళ్ళు లేరు.

పిల్లల్ని బస్తాలతో పోల్చడం నాకే బాలేదు, తెలుసు. కానీ ఒకసారి ఆలోచించండి, కౌన్సిలు ఆ హోమ్‌కి డబ్బులు కట్టింది తలకి వారానికి ఇంత చొప్పున. లెక్కలు రాసిన విధానమే అది. బతికున్నంతకాలం బిల్లు కోసం బిడ్డ లెక్కలో ఉంది, పోయాక లెక్కలోంచి తీసేశారు. పోలిక నాది, పద్ధతి వాళ్ళది.

సరే, 2014 మేలో ఒక ఆదివారం పేపర్ ఈ కథ వేసింది, ఇక ప్రపంచం మొత్తం ఎగబడింది. మీడియా వాళ్ళ సంగతి తెలిసిందే కదా, "800 మంది పిల్లల్ని సెప్టిక్ ట్యాంకులో విసిరేశారు" అని హెడ్డింగులు. కేథరిన్ వెంటనే, "విసిరేశారు అన్న మాట నేనెప్పుడూ వాడలేదు" అని చెప్పింది. ఎవరు వింటారు? ఆ హెడ్డింగులు పట్టుకునే అవతలి పక్షం రెచ్చిపోయింది, ఫేక్ ఫేక్ అని. నన్స్ తరఫున పీఆర్ చూసినావిడైతే, డాక్యుమెంటరీ తీస్తామన్న వాళ్ళకి మెయిల్ పెట్టింది, మీరిక్కడికి వస్తే సామూహిక సమాధీ దొరకదు, పిల్లల్ని అలా పాతిపెట్టిన ఆధారమూ దొరకదు అని. ఎంత ధీమా చూడండి.

ఇక్కడ నాలాంటోడైతే ఏం చేస్తాడు? టీవీలెక్కి అరుస్తాడు. ఆవిడ అరవలేదు. నా దగ్గరున్నవి 796 మరణ రికార్డులు, సమాధుల రికార్డులు లేవు, ఎక్కడున్నారో మీరే చెప్పండి, ఇదే మాట మళ్ళీ మళ్ళీ. తెలిసినదానికంటే ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. హీరోయిజం అంటే నాకు ఇదే, మీకు ఇంకోటి కావచ్చు.

గవర్నమెంటు 2015లో ఎంక్వైరీ కమిషన్ వేసింది. కమిషన్ టెస్టుగా కొంత తవ్వించి 2017 మార్చి 3న చెప్పింది: భూమిలో 20 గదులున్న పొడుగాటి నిర్మాణం ఉంది, అందులో కనీసం 17 గదుల్లో చెప్పుకోదగ్గ సంఖ్యలో మనుషుల ఎముకలున్నాయి. వయసులు? 35 వారాల గర్భస్థ శిశువు నుంచి రెండు మూడేళ్ళ పిల్లల దాకా. కార్బన్ డేటింగ్ చేస్తే హోమ్ నడిచిన కాలానివే అని తేలింది, కరువు కథ అక్కడితో అయిపోయింది. అప్పటి ప్రధాని ఎండా కెన్నీ దాన్ని ఘోరాల గది అన్నాడు పార్లమెంటులో. ఆ తర్వాత కేథరిన్ లేట్ లేట్ షో అనే ఐరిష్ టీవీ టాక్ షోకి వెళ్తే స్టూడియోలో జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఆగండి, ఒక్కటి చెప్పాలి, ఆవిడకి ఇదంతా ఎందుకు పట్టింది అని అడుగుతారు. ఆవిడ కూడా ట్యూమ్‌లోనే నన్స్ స్కూల్లో చదివింది. హోమ్ పిల్లలు అదే స్కూలుకొచ్చేవాళ్ళు, మిగతా పిల్లల్తో కలవకుండా పది నిమిషాలు ఆలస్యంగా రానిచ్చి, ముందే పంపేసేవాళ్ళు, వాళ్ళ మేకుల బూట్ల చప్పుడు ఆవిడకి ఇప్పటికీ గుర్తే. ఒకరోజు క్లాసులో ఎవరో చేసింది చూసి, ఈ చిన్న కేథరిన్ ఖాళీ చాక్లెట్ కాగితాన్ని లోపల ఏదో ఉన్నట్టు చుట్టి, ఒక హోమ్ పాపకి ఇచ్చింది. ఆ పాప ఆశగా విప్పింది, లోపల ఏమీ లేదు. పెద్దయ్యాక ఇది తలుచుకుని, ఆ పాపకి ఎవరన్నా ఏదన్నా ఇవ్వడం అదే మొదటిసారేమో అని బాధపడ్డానని ఇంటర్వ్యూల్లో ఆవిడే చెప్పింది. ఇంకోటి, వాళ్ళమ్మ కూడా పెళ్ళి కాని తల్లికి పుట్టిన మనిషే అని అమ్మ పోయాక కాగితాలు వెతికితే తెలిసింది. అలా మొదలైందీ రికార్డుల పిచ్చి.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. 2018లో పోప్ ఫ్రాన్సిస్ ఐర్లాండ్ వచ్చినప్పుడు గవర్నమెంటు రిసెప్షన్‌కి ఆహ్వానం పంపితే ఆవిడ వెళ్ళనంది, పిల్లలింకా ఆ గుంటలోనే ఉన్నారు కదా అని. 2021 జనవరిలో కమిషన్ ఫైనల్ రిపోర్టు, ఇలాంటి 18 సంస్థల్లో కలిపి దాదాపు 9,000 మంది పిల్లలు చనిపోయారని. మర్నాడు ప్రధాని మైకేల్ మార్టిన్ దేశం తరఫున క్షమాపణ, నన్స్ కూడా క్షమాపణ చెప్పారు. 2022లో తవ్వడానికి చట్టం. నష్టపరిహారం స్కీం 2024లో తెరిచారు, కానీ హోమ్‌లో ఆరు నెలల కంటే తక్కువ ఉన్న పిల్లలకి వర్తించదంట, మళ్ళీ అదే రిజిస్టర్ బుద్ధి చూడండి, ఎన్నాళ్ళున్నావ్, ఎంతివ్వాలి అని! అసలు తవ్వకం 2025 జూలైలో మొదలైంది, రెండేళ్ళు పడుతుందని అంచనా. ఎముకలన్నీ కలిసిపోయి ఉన్నాయి, పసిపిల్లలవి, సైజు తెలుసు కదా. డీఎన్ఏ కోసం బంధువుల శాంపిళ్ళు తీసుకుంటున్నారు, వాళ్ళలో చాలామంది ముసలోళ్ళు, అందుకే తొందర. చిన్నప్పుడు ఆ హోమ్‌లో ఉన్న ఒకాయనకైతే తనకో చెల్లెలు ఉండేదని ఈవిడ రికార్డుల వల్లే తెలిసింది, అరవై దాటాక.

వేరేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. డబ్లిన్‌లో ఇల్లులేని కుర్రాళ్ళ కోసం దశాబ్దాలుగా పనిచేస్తున్న ఫాదర్ పీటర్ మెక్‌వెరీ ఉన్నాడు, చూశారా చర్చిలోనూ మంచోళ్ళున్నారు. చెర్నోబిల్ పిల్లల కోసం 1991 నుంచీ తిరుగుతున్న ఆడీ రోచ్ ఉంది. ఐర్లాండ్ మాజీ ప్రెసిడెంట్ మేరీ రాబిన్సన్ సరేసరి. ఒకటి మాత్రం ఒప్పుకుంటా, ఆ హోమ్‌లో బతికి బయటపడ్డ వాళ్ళని ముందు చెప్పాలి అని ఎవరన్నా అంటే నేను వాదించను, కేథరిన్ కూడా వాదించదు అనుకుంటా.

సవిత గురించి, తర్వాత 2018 రెఫరెండంలో 66 శాతం మంది అబార్షన్ చట్టం మార్పుకి ఓటేయడం గురించి విడిగా ఒక వీడియో చేస్తా, ఇందులో ఇరికిస్తే దానికి న్యాయం జరగదు. ఉంటా మరి.